ఇటుకని చూసి మాలు కలపాలి

కోనసీమలో రాజోలుకి దగ్గర ఊరు. 1920ల్లో కట్టిన మండువా లోగిలి. 18 అంగుళాల ఇటుక గోడలు, పైన పెంకులు. ముందువైపు గోడలకి గార ఉంది, పక్క గోడలకీ వెనక గోడకీ గార ఎన్నడూ లేదు. ఆ గోడల్లో ఇటుకల మధ్య మాలు చాలాచోట్ల రాలిపోయి సందులు పడ్డాయి. వాటిని మళ్లీ దేనితో నింపాలన్న దగ్గర ఇద్దరికి మాట కలవలేదు. మావయ్య ఆర్ అండ్ బీ శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. మేనకోడలు పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్న ఆర్కిటెక్టు. వైశాఖ మాసపు ఎండల్లో, మేస్త్రికి కబురు వెళ్లాక జరిగిన వాదం ఇది.

మావయ్య: అమ్మాయ్, ఇందులో తేల్చడానికి ఏముంది? సందులన్నీ శుభ్రంగా గీకించి, 1:3 సిమెంటు మాలుతో పాయింటింగ్ చేయిద్దాం. జూన్‌లో వానలు దిగుతాయి. ఉత్తరపు గోడ సందుల్లోకి వేలు దూరుతోంది. ఇంకో వానాకాలం అలా వదిలేస్తే తడి లోపలి గదుల్లోకి వచ్చేస్తుంది. పది రోజుల్లో అయిపోయే పనిని పెద్దది చెయ్యకు.

మేనకోడలు: వానలకి ముందే ఏదో ఒకటి చెయ్యాలన్న మాట సరైనదే మావయ్యా. ఏ మాలు వెయ్యాలన్నది మాత్రం మేస్త్రి చేతి అలవాటుని బట్టి తేల్చకూడదండీ. ముందు ఈ గోడ దేంతో కట్టారో చూడాలి. నేను లోపలి నుంచి ఒక ముక్క తీశాను. వేళ్ల మధ్య నలిపితే పొడి అయింది. మధ్యమధ్య తెల్లటి సున్నపు పలుకులు ఉన్నాయి. బాత్‌రూములు కడిగే యాసిడ్ చుక్కలు వేస్తే బుసబుసా పొంగింది.

మావయ్య: పొంగినంత మాత్రాన సున్నమే అనడానికి లేదు. గాలి తగిలి ముదిరిన సిమెంటు మాలు కూడా యాసిడ్‌కి పొంగుతుంది. ఈ ఇల్లు కట్టేనాటికి మన దేశంలో సిమెంటు దొరుకుతోంది కూడా. పోరుబందరు ఫ్యాక్టరీలో 1914లోనే తయారీ మొదలైంది.

మేనకోడలు: అందుకే పొంగు చూసి ఆగిపోలేదు. సిమెంటైతే యాసిడ్ నీళ్లు బూడిద రంగుకి తిరిగి, అడుగున మడ్డిలాంటి మెత్తటి పొర మిగిలేది. ఇక్కడ సున్నమంతా కరిగిపోయాక ఇసుక, దాంతోపాటు ఎర్రటి ఇటుక పొడి తేటగా మిగిలాయి. అంటే సున్నం, సుర్ఖీ, ఇసుక కలిపి గానుగలో ఆడించిన మాలు. ఈ గోడ నూరేళ్లుగా ఆ మెత్తటి మాలు మీదే నిలబడి ఉంది.

మావయ్య: నిలబడి ఉంటే మనం ఈ మాట ఎందుకు మాట్లాడుకుంటున్నాం? రాలిపోయింది కనకే కదా మరమ్మతు.

మేనకోడలు: రాలింది మాలు. ఇటుక రాలలేదు. అసలు విషయమంతా అందులోనే ఉందండీ. గోడలో ఏదో ఒకటి అరగక తప్పదు. వాన కొడుతుంది, నేల చెమ్మ పైకి పాకుతుంది, ఎండకి ఆరుతుంది. ఆ అరుగుదల మాలుకి తగిలితే సందు గీకి మళ్లీ నింపుకుంటాం. ఇటుకకి తగిలితే ఏం చేస్తాం? నాగలికి కర్రు అరిగితే కర్రు మారుస్తారు, అరిగే పని కర్రుకి అప్పగించి నాగలిని కాపాడుకుంటారు. పాత ఇటుక గోడలో మాలు కర్రులాంటిది.

మావయ్య: మాట బాగుంది, లెక్క చూద్దాం. కట్టుబడి ఇటుకకి భారత ప్రమాణం ఐఎస్ 1077 ఒప్పుకునే కనీస బలం చదరపు మిల్లీమీటరుకి 3.5 న్యూటన్లు. ఐఎస్ 1905 పట్టికలో 1:6 సిమెంటు మాలుకి కనీస బలం 3 న్యూటన్లు. నేను 1:3 మానేసి 1:6 వేయిస్తాను. అప్పుడు నా మాలు కూడా ఇటుక కంటే మెత్తనిదే. నీ కర్రు సూత్రం నా సిమెంటుకీ వర్తించింది కదా?

మేనకోడలు: 1:3 మానేస్తానన్నారు, ముందు అది మేలు. అదే పట్టికలో దాని కనీస బలం 10 న్యూటన్లు. పాత ఊరి బట్టీ ఇటుక పక్కన దాన్ని పెట్టనే కూడదు. 1:6 సంగతి వేరు, మీ లెక్కలో తప్పు లేదు. కానీ ఆ అంకెలు కనీసాలు. 53 గ్రేడ్ సిమెంటుతో కలిపితే అంతకంటే గట్టిగా రావడం మామూలే. ఇంకోటి, 1:6 మాలు చేతికి బిరుసుగా ఉంటుంది, సన్నటి సందులో పట్టుకోదు, తాపీ మీంచి జారిపోతుంది. మేస్త్రి ఏం చేస్తాడో మీకే బాగా తెలుసు.

మావయ్య: ఇంకో బొచ్చె సిమెంటు దులుపుతాడు. అది నిజమే. సైటు మీద నిలబడకపోతే 1:6 అని రాసిన చోట 1:4 పడుతుంది.

మేనకోడలు: సరే, మీరు దగ్గరుండి 1:6 వేయించారనే అనుకుందాం. అప్పుడు కూడా నా అభ్యంతరం పోదు. బలం ఒక్కటే చూస్తే సగమే చూసినట్టు. నీటి దారి చూడాలి. ఈ గోడ పునాదిలో చెమ్మని ఆపే పొర లేదు. డెల్టా నేల, పైగా సముద్రం దగ్గర. నేలలో నీరు పైకే ఉంటుంది, అందులో ఉప్పు ఉంటుంది. ఆ నీరు గోడలోకి పాకి ఎక్కడో ఒకచోట బయటికి వచ్చి ఆరాలి. సందుల్లో సున్నం ఉంటే తడి ఎక్కువగా అందులోంచే ఆరుతుంది, ఉప్పు అక్కడే పేరుకుంటుంది, పొడై రాలితే ఆ సున్నమే రాలుతుంది. సందుల నోళ్లు సిమెంటుతో మూసేస్తే ఆ నీటికి మిగిలిన దారి ఇటుక ముఖమే. ఉప్పు ఇటుక రంధ్రాల్లో గడ్డకట్టి పెరుగుతుంది, పెరిగినప్పుడల్లా ఇటుక పై పొరని లోపలి నుంచి నెడుతుంది. సిమెంటులో కరిగే లవణాలు కూడా కొన్ని ఉంటాయి, అవీ తోడవుతాయి.

మావయ్య: వాన నీరు లోపలికి వెళ్లకుండా మూశాం కదా, లోపల నీరెక్కడిది అంటాను నేను. నేల చెమ్మ ఎంతెత్తు వస్తుంది? మహా అయితే నడుము ఎత్తు. ఆ పైన ఉన్న గోడ మాటేమిటి?

మేనకోడలు: పైన వాన జల్లు ఉంది. సిమెంటు మాలు ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది. ఇటుకకీ దానికీ మధ్య వెంట్రుకవాసి చీలిక పడుతుంది. ఆ చీలిక కంటికి ఆనదు గానీ నీటిని గుంజుకుంటుంది. లోపలికి వెళ్లడానికి చీలిక చాలు. బయటికి రావడానికి ఆవిరికి వెడల్పాటి దారి కావాలి, అది మనమే మూసేశాం. మీరు మూసిన గోడ వానాకాలమంతా తాగుతుంది, వేసవిలో కక్కలేదు.

మావయ్య: ఇదంతా పుస్తకాల్లో మాట. అవి చలి దేశాలవాళ్లు రాసినవి. అక్కడ గోడలో నీరు మంచై ఉబ్బుతుంది, ఇటుక పగులుతుంది. రాజోల్లో నీళ్లు ఎప్పుడు గడ్డకట్టాయి?

మేనకోడలు: ఎప్పుడూ కట్టలేదు. మంచు భయం మనది కాదు, ఆ కారణం చూపించి ఇక్కడ సున్నం వెయ్యమని ఎవరన్నా చెబితే నేనూ ఒప్పుకోను. మన శత్రువు ఉప్పు. తడవడం, ఆరడం, మళ్లీ తడవడం ఇక్కడ ఏటా జరిగే పనే. ప్రతి ఆరుదలకీ ఉప్పు పలుకు కొంచెం పెరుగుతుంది. అమెరికా నేషనల్ పార్క్ సర్వీస్ పాత ఇటుక గోడల పాయింటింగ్ మీద వేసిన చిన్న పుస్తకం కూడా చివరికి చెప్పేది రెండు మాటలే. కొత్త మాలు ఇటుక కంటే మెత్తగా ఉండాలి, ఇటుక కంటే సులువుగా ఆవిరిని పోనివ్వాలి. వాళ్లకి మంచు, మనకి ఉప్పు. గోడ కోరేది మాత్రం రెండు చోట్లా ఒకటే.

మావయ్య: నాకు పుస్తకం కాదు, గోడ చూపించు.

మేనకోడలు: రండి, ఉత్తరపు గోడ దగ్గరికే వెళదాం. కిటికీకి కుడి పక్క పాతికేళ్ల కిందట సిమెంటు పాయింటింగ్ చేశారు. చూడండి, సిమెంటు గీతలు గళ్లుగళ్లుగా ముందుకి పొడుచుకొచ్చి నిలిచి ఉన్నాయి. వాటి మధ్య ఇటుకలు లోపలికి అరిగిపోయాయి, కొన్ని అంగుళం లోతుకి. చెయ్యి పెడితే ఎర్రటి పొడి రాలుతోంది.

మావయ్య: ఆ ఇటుక సరిగా కాలి ఉండదు. ఆ రోజుల్లో బట్టీలో పక్క వరసల ఇటుక పచ్చిగానే దిగేది. నాసి ఇటుక అరిగిపోతే తప్పు సిమెంటు మీద వేస్తున్నావు.

మేనకోడలు: అది న్యాయమైన అనుమానం. అందుకే కిటికీకి ఎడమ పక్క కూడా చూడమంటున్నాను. గోడ ఒకటే, ఇటుక ఒకటే, నేల ఒకటే. అటు సిమెంటు వెయ్యలేదు. సందులు లోతుగా పడ్డాయి, ఇటుకల అంచులు మాత్రం పదునుగా ఉన్నాయి. కొన్ని ఇటుకల మీద అచ్చులో పోసినప్పటి వేలి ముద్రలు కూడా చెరగలేదు.

మావయ్య: ఎడమ పక్క మీద చూరు ఎక్కువ దిగింది. వాన తక్కువ కొడుతుంది.

మేనకోడలు: చూరు కింద ఉన్న మేరకి అది నిజం. కింది ఆరు వరసలు చూడండి. చూరు నీళ్లు నేల మీద పడి చిందేది సరిగ్గా అక్కడికే, రెండు పక్కలా ఒకే తీరుగా. ఎడమ పక్క ఆ వరసల్లో కూడా ఇటుక నిలిచింది, మాలు పోయింది. కుడి పక్క మాలు నిలిచింది, ఇటుక పోయింది.

మావయ్య: ఊఁ. కింది వరసల సంగతి కాదనలేను. సరే, సిమెంటు ఈ ఇటుకకి పడలేదని ఒప్పుకున్నాననుకో. సున్నం పడుతుందని నువ్వింకా చూపించలేదు. ధవళేశ్వరం ఆనకట్టని కాటన్ దొర 1847 నుంచి 1852 దాకా కట్టించినప్పుడు సిమెంటు లేదు, చార్మినార్ 1591లో లేచినప్పుడూ లేదు. అవి సున్నంతో నిలిచాయని నాకూ తెలుసు. అప్పటి సున్నం వేరు, అప్పటి చేతులు వేరు. ఇవాళ కొట్లో సున్నమంటే వెల్ల వెయ్యడానికి అమ్మే సంచి పొడి. ఎన్నాళ్ల కిందట పొడి చేశారో ఎవరికీ తెలియదు. సంచిలోనే గాలి తగిలి సుద్ద అయిపోయి ఉంటుంది. దాంతో పాయింటింగ్ చేస్తే రెండు వానలకి కారిపోతుంది. సిమెంటు బస్తా మీద గ్రేడు ఉంటుంది, తయారైన వారం ఉంటుంది. నేను దేన్ని నమ్మాలి?

మేనకోడలు: సంచి పొడిని నమ్మొద్దు. ఆ మాటలో మీతో నూటికి నూరు పాళ్లు కలుస్తాను. సున్నంతో చేసిన పనులు చెడిపోయి సున్నానికి చెడ్డపేరు వచ్చిందంటే అందుకు ఆ చచ్చిన పొడే చాలావరకు కారణం. మనకి కావలసింది కొత్తగా కాల్చిన రాళ్ల సున్నం. పిడుగురాళ్లలో ఇప్పటికీ బట్టీలు నడుస్తున్నాయి. గాలి తగలకుండా మూట కట్టించి తెప్పిద్దాం. వచ్చిన రోజే తొట్టెలో నీళ్లలో వేస్తే కుతకుత ఉడకాలి. ఉడకని రాయి కాలనిదో, పాతబడిందో, పక్కన పడేద్దాం. ఉడికిన ముద్దని జల్లెడ పట్టి, పైన నీళ్లు నిలిపి, రెండు వారాలకి తగ్గకుండా, వీలైతే నెల రోజులు నానబెడదాం. ఎంత నానితే అంత వెన్నలా వస్తుంది, ఉడకని పలుకు తర్వాత గోడలో ఉబ్బి పగిలే ప్రమాదం పోతుంది.

మావయ్య: అది తెల్ల సున్నం. ఐఎస్ 712 లెక్కన సి తరగతి. గాలిలోని బొగ్గుపులుసు వాయువు పీల్చుకుని మెల్లగా ముదురుతుంది తప్ప తడిలో గట్టిపడదు. మన నుయ్యి పక్కనున్న గోడ ఏడాదిలో ఎనిమిది నెలలు తడే. అక్కడ నీ వెన్న వెన్నలాగే ఉండిపోతుంది. కోటలో, గోరీల్లో చేశారని చెప్పకు.

మేనకోడలు: గోరీల మాట కాస్త చెప్పనివ్వండి. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో ఆగా ఖాన్ ట్రస్టు, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి పని మొదలుపెట్టాయి. 20వ శతాబ్దంలో మరమ్మతు పేరుతో పూసిన సిమెంటుని గుమ్మటాల మీంచి తొలగించి, మళ్లీ సున్నంతో చేశారు. సిమెంటు కింద చేరిన తడి కట్టడాన్ని తింటోందనే ఆ పని. అది చెప్పడం వాళ్లలా ఖర్చు పెట్టమని కాదు. ఇవాళ్టి మేస్త్రుల చేతుల్లో, ఇవాళ్టి సున్నంతో ఆ పని సాధ్యమేనని. ఇక తడి గోడ మాట. ఉత్త సున్నం అక్కడ పనికిరాదన్నది నిజం. ఈ ఇల్లు కట్టినవాళ్లకి అది తెలుసు కనకే సుర్ఖీ వేశారు. మెత్తగా దంచిన ఇటుక పొడి సున్నంతో కలిస్తే తడిలోనే, గాలి తగలకపోయినా గట్టిపడుతుంది.

మావయ్య: ఏ ఇటుక పొడైనా సరిపోదు. మేము కొనేటప్పుడు ఐఎస్ 1344 చూసేవాళ్లం. బాగా మాడి నల్లబడ్డ ఇటుక దంచితే అది ఉత్త ఇసుకతో సమానం, సున్నంతో కలిసి పనిచెయ్యదు. మట్టి మధ్యస్తంగా కాలి ఉండాలి.

మేనకోడలు: అవునండీ. చవుడు పట్టిన పాత ఇటుక కూడా దంచకూడదు, ఉన్న ఉప్పు చాలక కొత్త ఉప్పు తెచ్చినట్టు. సున్నం ముద్ద 1 పాలు, సుర్ఖీ 1 పాలు, ఇసుక 2 పాళ్లు అని మొదలుపెడదాం. నుయ్యి పక్క గోడకి అదే. చూరు కింద పొడిగా ఉండే పై గోడలకి సుర్ఖీ సగానికి తగ్గించి, ఆ మేర ఇసుక పెంచొచ్చు.

మావయ్య: బెల్లం, కరక్కాయ నీళ్లు, కోడిగుడ్లు?

మేనకోడలు: ఏవీ వద్దు. గచ్చు నునుపు చెయ్యడానికీ, గార మెల్లగా ఆరడానికీ అవి వాడారు, అక్కడ వాటికి పని ఉంది. సందు నింపే మాలుకి మంచి సున్నం, మంచి ఇసుక, ఓపిక చాలు. పాతకాలం వాళ్లు చేశారన్న ఒక్క కారణంతో నేనేదీ వెయ్యను.

మావయ్య: ఆ మాట ముందే చెప్పి ఉంటే సగం వాదం తగ్గేది. ఇసుక సంగతి నాకు వదిలెయ్. సముద్రం పక్క ఇసుక ఒక్క తట్ట కూడా రాకూడదు. గోదావరి ఇసుకే, అదీ కడిగి. ఒకే సైజు సన్న ఇసుక కాకుండా సన్నం, ముతక కలిసి ఉండాలి. ఎండిన ఇసుక ఒక గ్లాసు నింపి, అది పొంగకుండా ఎన్ని నీళ్లు తాగుతుందో కొలిస్తే ఇసుక మధ్య ఖాళీ ఎంతో తెలుస్తుంది. మంచి ఇసుకలో అది దాదాపు మూడో వంతు. ఆ ఖాళీ నిండేంత సున్నం వేస్తే చాలు. ఒకటికి మూడు అన్న పాత లెక్క అలాగే పుట్టింది. ఆ లెక్క సున్నానికీ ఒకటే, సిమెంటుకీ ఒకటే.

మేనకోడలు: ఈ కొలత మేస్త్రి ముందే చేసి చూపించండి మావయ్యా. నేను చెప్పిన దానికంటే మీరు చెప్పింది అతను పట్టించుకుంటాడు.

మావయ్య: చూపిస్తాను. మధ్యే మార్గం ఒకటి అడుగుతాను. సిమెంటు 1, సున్నం 2, ఇసుక 9. చాలా చోట్ల వాడుకలో ఉన్నదే. త్వరగా పట్టుకుంటుంది, సున్నపు మెత్తదనమూ ఉంటుంది. దీన్నెందుకు కాదంటావు?

మేనకోడలు: వెనక పెరట్లో తర్వాతి కాలంలో కట్టిన స్నానాల గది గోడకి అదే వేయిద్దాం. అది సిమెంటుతో కట్టిన గోడ, ఇటుక కూడా గట్టిది. దానికి ఉత్త సున్నం వెయ్యమని నేను పట్టుబట్టను. పాత గోడకి వద్దనడానికి రెండు కారణాలు. ఒకటి, తొందర కోసం కాస్త సిమెంటు దులిపే అలవాటు ఒకసారి మొదలైతే ఆ కాస్త ఎంతన్నది మన చేతిలో ఉండదు, ఇందాక మీరే చెప్పారు. రెండోది, ఆ గోడ కదులుతుంది. కింద బంకమట్టి. వానలకి ఉబ్బుతుంది, వేసవికి కుంగుతుంది. సున్నపు మాలు ఆ చిన్న కదలికలని సర్దుకుంటుంది. సన్నటి చీలిక పడినా నీటిలో కొంచెం కరిగిన సున్నమే మళ్లీ పేరుకుని దాన్ని పూడుస్తుంది. సిమెంటు సర్దుకోదు, ఎక్కడో ఒకచోట పగులుతుంది, ఆ పగులు మాలు దగ్గర ఆగకుండా ఇటుక గుండా పోతుంది.

మావయ్య: కదిలే నేల మీద మెత్తటి మాలు మేలన్నది ఒప్పుకుంటాను, అది నేను చూసిందే. మరి కుడి పక్క సిమెంటు పాయింటింగ్ సంగతేమిటి? నీ లెక్క ప్రకారం అదంతా చెక్కించాలి.

మేనకోడలు: లేదు. ఉలి పెడితే ఊడి వచ్చేదే తీయిద్దాం. ఇటుకని గట్టిగా పట్టుకున్నదాన్ని కొట్టి తీస్తే ఇటుక అంచు దాంతోపాటే లేచి వస్తుంది. పాతికేళ్ల నష్టం ఒక్క పూటలో చేసినట్టవుతుంది. గ్రైండరు అసలు తేవొద్దు. నిలువు సందుల దగ్గర దాని బ్లేడు పై ఇటుకనీ కింది ఇటుకనీ కోసి కానీ ఆగదు.

మావయ్య: ఇది నేను ఊహించని మాట. సున్నం మీద ఇష్టంతో మొత్తం పీకించేస్తావనుకున్నాను.

మేనకోడలు: నా ఇష్టం ఇటుక మీద. దాన్ని కాపాడేదేదైనా సరే.

మావయ్య: అయితే పని తీరు చెప్పు. మేస్త్రికి నేను చెప్పాల్సింది అదే.

మేనకోడలు: సందు వెడల్పుకి రెండు, రెండున్నర రెట్లు లోతు తవ్వాలి. ఇక్కడ సందులు 10 మిల్లీమీటర్లున్నాయి కనక 20 నుంచి 25 మిల్లీమీటర్లు. పైపైన గీకి పూస్తే పొరలా ఊడిపోతుంది. దుమ్ము బ్రష్‌తో దులిపి, నీళ్లతో కడిగి, ముందు రోజూ ఆ రోజూ తడపాలి. పొడి ఇటుక మాలులో నీళ్లు లాగేస్తే సున్నం పొడిగానే మిగిలిపోతుంది. నీళ్లు కారేంత తడి కూడా ఉండకూడదు. మాలు గట్టిగా, చేతిలో ముద్ద నిలిచేలా కలపాలి. పావు అంగుళం మందాన ఒక పొర నొక్కి, అది బొటనవేలికి కాస్త గట్టిపడ్డాక ఇంకో పొర. చివరి పొర ఇటుక అంచుకి ఒక నూలు లోపలే ఆగాలి. అంచుల మీదికి పాకించి పట్టీలా ఉబ్బెత్తుగా తీర్చితే చూడ్డానికి బాగుంటుంది గానీ ఆ పట్టీ మీద నీళ్లు నిలుస్తాయి. తర్వాత వారం, పది రోజులు తడి గోనె సంచులు వేలాడదీయాలి. ఎండ తగలకూడదు.

మావయ్య: అదే నా అసలు అభ్యంతరం. ఈ ఎండల్లో గోనె సంచి గంటలో ఆరిపోతుంది. నెల రోజులు సున్నం నానాలంటావు, అప్పటికి వానలు. వానలో మాలు కడుక్కుపోతుంది. నీ మాలు మంచిదే కావచ్చు, నీ కాలం కుదరలేదు.

మేనకోడలు: కాలం విషయంలో మీరే గెలిచారు. పాయింటింగ్ ఇప్పుడు వద్దు. తుపాన్ల రోజులు గడిచాక, సంక్రాంతికి ముందూ వెనకా చేద్దాం. అప్పటి చల్లదనానికీ, తెల్లవారుజాము మంచుకీ సున్నం నెమ్మదిగా పట్టుకుంటుంది. అప్పటిదాకా సున్నం నానుతూనే ఉంటుంది.

మావయ్య: మరి ఈ వానాకాలం?

మేనకోడలు: ఉత్తరపు గోడకి తాటాకు దడి కట్టిద్దాం. మట్టి గోడలకి వానాకాలం అడ్డుగా ఆకు కట్టడం ఈ ఊళ్లో కొత్త కాదు.

మావయ్య: దడి ఒక్కటి చాలదు. వరస నేను చెబుతాను, రాసుకో. ముందు పెంకులు సర్దించి, చూరు ఇంకో అడుగు దింపించాలి. చూరు నీళ్లు గోడ మొదట్లో పడకుండా దూరంగా కాలువ తీయించాలి. గోడ పక్క ఏళ్ల తరబడి పోసిన మట్టి అరుగు ఎత్తుకి పెరిగింది, దాన్ని తవ్వించి నేల వాలు బయటికి ఉండేలా చేయించాలి. నుయ్యి చుట్టూ పలకరాళ్లు వదులైపోయి నీళ్లన్నీ గోడ వైపు వస్తున్నాయి. నీరు ఎక్కడి నుంచి వస్తోందో ఆపకుండా సందుల్లో ఏ మాలు పెట్టినా డబ్బు దండగ. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్న పాఠాల్లో అది మొదటిది.

మేనకోడలు: దానికి నా దగ్గర జవాబు లేదు మావయ్యా, అది నా జాబితాలో మొదట ఉండాల్సింది. ఈ నెల ఆ పనులు మొదలుపెడదాం.

మావయ్య: ఇంకో షరతు. సంక్రాంతికి గోడంతా ఒకేసారి వద్దు. కిటికీ ఎడమ పక్క ఒక గజం చదరం, నుయ్యి పక్క ఒక గజం చదరం. నుయ్యి పక్క గజంలో సగం నీ సున్నం సుర్ఖీ, సగం నా 1:2:9. పక్కపక్కనే. ఒక వానాకాలం చూద్దాం. చవుడు ఎక్కడ పూస్తుందో, మాలు మీదో ఇటుక మీదో, గోడే చెబుతుంది. నీ మాలు రాలినా నేను నిన్ను తప్పు పట్టను, ఇటుక రాలితే మాత్రం నా సగం నా చేత్తోనే తీసేస్తాను.

మేనకోడలు: ఒప్పుకున్నాను. ఒక్కటి కలపండి. ఎక్కడ ఏ పాళ్లు పెట్టామో, సున్నం ఎక్కడిదో, ఏ తేదీన చేశామో రాసి ఇంటి కాగితాలతో పెడదాం. ఈ ఇల్లు కట్టినవాళ్లు అలా రాసి ఉంటే ఇవాళ నేను యాసిడ్ చుక్కలతో వెతుక్కోనక్కరలేదు.

మావయ్య: రాసిపెడదాం. సిమెంటు చెడ్డదని మాత్రం రాయకు. దాంతో నేను వంతెనలు కట్టాను, అవి నిలిచాయి, ఆ పని సున్నం చెయ్యలేదు. ఈ ఇటుక మెత్తనిది, ఈ నేల ఉప్పుది, ఈ గోడకి చెమ్మ పొర లేదు, కనక ఇక్కడ దీనికంటే మెత్తని మాలే వెయ్యాలి అని రాయి. తర్వాత వచ్చేవాడికి ఏం వెయ్యాలో కంటే ఎందుకు వేశామో తెలియాలి. కారణం తెలిస్తే ఇంకో గోడ దగ్గర అతను తన బుర్ర వాడతాడు.